చిలక బొమ్మ

కరెంటు పోయి వచ్చింది. మగ్గం గుంటలోంచి కాళ్లు తీసి, నీళ్ల కోసం లోపలికి వెళ్లాను. నడవలో ఎవరూ లేరు. టీవీ మాత్రం తనంతట తాను వెలిగి, "ఎవరు చూస్తున్నారు?" అని అడుగుతోంది. కింద మూడు బొమ్మలున్నాయి. పులి నాది, మందారం నా భార్యది, చిలక మా అక్కది. వెలుగు గీత చిలక చుట్టూ ఉంది. అంటే చివరిసారి చూసింది అక్క. ఆమె పోయి రెండు నెలలు దాటింది.

ధర్మవరంలో మా వీధికి ఇంటర్నెట్ తీగ వచ్చినప్పుడు, ఇంట్లో ఏ యాప్ పెట్టాలో తేల్చింది నేనే. బడి చదువు నాకు పెద్దగా లేదు. తెలిసినదంతా శాఖా గ్రంథాలయంలో దొరికిందే. అక్కడి విజ్ఞానశాస్త్రం బీరువాలో నేను తెరవని పుస్తకం లేదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. అదే అలవాటు కొద్దీ, దేంట్లో తెలుగు ఎక్కువుంది, ఏది ఫోనుకు మాత్రమే, ఏది టీవీలోనూ వస్తుంది అని చాలా రోజులు చదివి ఒకటి ఎంచాను. రిమోట్‌తో ఒక్కొక్క అక్షరమే వెతికి పాస్‌వర్డ్ కొడుతుంటే, వెనక కూర్చున్న అక్క ఇంతకన్నా చీర పొడవునా సాగే పడుగు పోగులు అతకడమే తొందరగా అవుతుందని నవ్వింది. ఇందులో మనిషికొక బొమ్మ, దాని వెనక ఒక గది ఉంటుందనీ, ఎవరు ఎక్కడ ఆపారో దానికి గుర్తుంటుందనీ నేను వివరించాను.

"అయితే నాకూ ఒకటి పెట్రా. ఈ ఇంట్లో నాకంటూ గది యాడుండాది?" అంది.

ఆ మాటకు నా భార్య ముఖం ముడుచుకుంది. అక్క భర్త పెళ్లయిన కొత్తలో వానలు లేని ఏడాది బెంగుళూరికి పనికి పోయి మళ్లీ రాలేదు. ఉన్నాడో లేడో తెలియదు. అక్క మా ఇంటికే వచ్చేసింది. బొట్టు మాత్రం తీయలేదు.

రాట్నం ముందు కూర్చుని నా మగ్గానికి పట్టు పోగును కండెలకు చుట్టడం ఆమె పని. సీరియల్‌ను చూసేది కాదు, వినేది. పట్టు పోగు మీంచి కన్ను తీస్తే తెగుతుంది. గొంతులు తగ్గినప్పుడు మాత్రం తలెత్తి, కొంచెం వెనక్కి తిప్పమని నా భార్యను అడిగేది. ఆ సీరియల్‌లో పడవ మీద పోయిన ఒకాయన కోసం ఇంటివాళ్లు ఎదురు చూస్తుంటారు. భాగాలు చాలా ఉన్నాయి. మాలో ఎవరైనా సగంలో విసిగిపోయి వేరేది పెట్టమంటే, "ఆయప్ప వస్తాడో రాడో చూడల్ల కదా," అని ఒప్పుకునేది కాదు.

ఎండాకాలంలో ఒక పొద్దున రాట్నం దగ్గరే గుండె పట్టుకుంది. అలాగే ఆసుపత్రికి తీసుకుపోయాం. సాయంత్రం ఆమెను ఇంటికి తెచ్చేసరికి టీవీ ఆగిపోయి ఉంది. "మీరు ఇంకా చూస్తున్నారా?" అని తెర మీద అక్షరాలు. పాడె కట్టడానికి వచ్చినవాళ్లలో ఎవరో దాన్ని ఆర్పేశారు.

ఆ తర్వాత పులి నొక్కి నేనే ఎన్నోసార్లు టీవీ చూశాను. అయినా వెలుగు చిలక చుట్టూ ఉంటే, చెంబు కింద పెట్టి రిమోట్ తీసుకున్నాను. నొక్కి చూశాను. అక్క సీరియల్ కింద ఎర్రగీత ఆమె ఆపిన చోట లేదు. చాలా భాగాలు ముందుకు జరిగిపోయింది. ఒకటి అయిపోతే ఇంకొకటి దానికదే మొదలవుతుందని నాకు తెలుసు. కానీ ఎవరినీ అడగకుండా ఎక్కువసేపు నడవదని కూడా తెలుసు. ఎవరో ఒకరు, "చూస్తున్నాను" అని నొక్కుతూ ఉండాలి.

ఎలాగూ మా ప్యాకేజీ నెలాఖరుకు ముగుస్తుంది. చాలా యాప్‌లు కలిపి ఇచ్చే కొత్తది ఒకటి చూసి పెట్టుకున్నాను. అందులో ఈ సీరియల్ ఉండదు, ఈ చిలకా ఉండదు. ఆ భయంలో అదే మంచిదనిపించింది. రేపే మార్చేస్తానని ఆ రాత్రి అన్నం దగ్గర నా భార్యతో చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు.

మరునాడు మధ్యాహ్నం మగ్గం ఆపి తెగిన పోగు అతుకుతుండగా లోపల రాట్నం తిరుగుతున్న చప్పుడైంది. అక్క పోయాక కండెలు బయట చుట్టిస్తున్నాను. మా ఇంట్లో రాట్నం తిప్పేవాళ్లు లేరు. చప్పుడు ఆగుతూ, మళ్లీ సాగుతూ, అచ్చం ఆమె తిప్పినట్టే ఉంది. గడప దాకా వెళ్లి లోపలికి చూశాను.

అక్క పీట మీద నా భార్య కూర్చుని ఉంది. తల వంచుకుని, కళ్లు పోగు మీదే పెట్టి కండె చుడుతోంది. తెర మీద అక్క సీరియల్ నడుస్తోంది. సీరియళ్లంటే ఆమెకు ఎప్పుడూ పడదు. అక్కతో సగం పోట్లాటలు వాటి గురించే.

నేను వచ్చానని తెలిసినా తలెత్తలేదు. "సగం చీర మగ్గం మీదుండంగ కొత్త పడుగు ఎట్ల ఎక్కిస్తావప్పా?" అంది.

నేసేవాడు పోతే మగ్గం మీది సగం చీరను మా ఇళ్లలో కోయరు. ఇంకొకరు కూర్చుని కొంగు దాకా నేస్తారు, ఆ తర్వాతే కొత్త పడుగు. నాయన వదిలిపోయిన చీరను నేనే ముగించాను. కొన్నవాళ్లకు తెలియదు గానీ, చెయ్యి మారిన చోటు నాకు తెలుసు. అక్కడి నుంచి అడ్డపోగును కొట్టే నా దెబ్బ కొంచెం గట్టిగా పడింది.

నెలాఖరు దాకా ఆగుతానన్నాను. గడువు లోపల సీరియల్ అవుతుందో లేదోనని ఆమె వంట కూడా పొద్దున్నే ముగించేది. తర్వాత రాట్నం, టీవీ. నేను మగ్గం ఆపి వినడం మొదలుపెట్టాను. గొంతులు తగ్గినప్పుడు ఆమె రిమోట్ తీసుకుని కొంచెం వెనక్కి తిప్పేది. ఎవరి కోసం తిప్పేదో నేను అడగలేదు.

గడువుకు ముందు రోజు ఆఖరి భాగం వచ్చింది. నేనూ వచ్చి గడప మీద కూర్చున్నాను. పడవ తిరిగొచ్చింది. అందులోంచి చాలామంది దిగారు. ఆయన దిగలేదు. ఇంటివాళ్లు కాసేపు నిలబడి వెళ్లిపోయారు. అంతే.

నా భార్య రాట్నం ఆపింది. పక్కన ఖాళీగా ఉన్న గోడ వైపు తిరిగి, మనిషికి చెప్పినట్టే మెల్లగా చెప్పింది.

"రాలేదు వదినా."

కథ ఎలాగైనా ముగియనీ, ఈ మాట చెప్పడానికే ఆమె ఇన్నాళ్లూ ఆ పీట మీద కూర్చుందని అప్పుడు తెలిసింది. నేను గోడ వైపు చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది.

తర్వాత కొత్తది పెట్టాను. పాస్‌వర్డ్ కొట్టాక, ఈ ఇంట్లో ఎవరెవరు చూస్తారని అడిగింది. నాకొకటి, ఆమెకొకటి పెట్టాను. మూడో చోటు ఖాళీగా, లోపల కూడిక గుర్తుతో ఉంది. దాన్ని దాటి పోబోతుంటే రాట్నం దగ్గర నుంచి నా భార్య గొంతు వినిపించింది.

"చిలక ఉండాదేమో చూడు."

బొమ్మలన్నీ ఒక్కొక్కటే కిందికి జరుపుతూ వెతికాను.