మత్తయ్య చెప్పిన గింజలు

మా తమ్ముడు మత్తయ్య ఏం పని చేసిండో మనింటోళ్లు మీల ఒక్కలన్న అడిగిన్రా? అణుకరెంటు తీసే కాడ వాడే జిర్కోనియం అనే లోహపు గొట్టాలను ల్యాబుల ముప్పై ఏండ్లు పరీక్ష చేసిండు. మా ఊరు గరిడేపల్లికి వచ్చినప్పుడల్లా చెప్పబోయెటోడు.

"ఆ లోహంల కంటికి ఆనని గింజలుంటయి. తుప్పును ఆపేటియి అవే. రేడియేషన్ తగిలితే మెల్లగ కరిగిపోతయి."

"ఏ కంపెనీ గింజలు బామ్మర్దీ? ఎవుసం ఆఫీసరుకు చెప్పరాదు" అనెటోడు మా ఆయన. అందరు నవ్వెటోళ్లు, వాడు ముచ్చట మార్చెటోడు.

ఆఖరుసారి వచ్చినప్పుడు ఆ నవ్వులకు నాకే ఇసుగొచ్చి అడిగిన. "అవి కరిగితే గొట్టం తుప్పు పడతదారా?"

"ముప్పై ఏండ్లు నేను చూసింది గదే అక్కా" అని పొద్దుగూకేదాక చెప్పిండు.

ఇంకోసారి రాలేదు. పోయిననాటికి వానికి అరవై మూడేండ్లు.