వెలుతురు సున్నం

మా సోలార్ ప్లాంటు గేటు ఎదుట టీ బంకు ఆయన పొద్దున్నే బుడ్డలు వేయిస్తాడు. ఆ వేరుశనగ పొట్టు మాడే వాసన తగిలితే నాకు మూడు గుర్తొస్తాయి, ఎప్పుడూ అదే వరసలో: కోడుమూరు రోడ్డులో మూతబడిన నూనె మిల్లు, దాని లోపలి చీకటి, ఆ చీకట్లోంచి వచ్చే దస్తగిరన్న గొంతు.

దస్తగిరన్నకు కర్నూలు పాత ఊళ్ళో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ముహూర్తాలున్న రోజుల్లో పెళ్ళిళ్ళు తీసేవాడు. లేని రోజుల్లో పాడుబడిన మిల్లులకూ, బండల పాలిష్ ఫ్యాక్టరీలకూ రాత్రిపూట నన్ను బండి మీద ఎక్కించుకుని వెళ్ళేవాడు. ఇంజినీరింగ్ అయిపోయి, ఉద్యోగం రాక, ఇంట్లో ముఖం చూపించలేక నేను ఆ స్టూడియోలో కూర్చునే రోజులవి. కెమెరాను ట్రైపాడ్ మీద నిలిపి, షట్టర్ నిమిషాల తరబడి తెరిచి ఉంచి, టార్చితో గోడల మీదా యంత్రాల మీదా వెలుతురు పూస్తూ నడవాలి. వెలుతురు తగిలినంత మేరే ఫోటోలో పడుతుంది. దీన్ని లైట్ పెయింటింగ్ అంటారని నేను చెబితే నవ్వాడు.

“అంత పేరెందుకప్పా? సున్నం కొట్టేది అను.”

నిజంగా సున్నం కొట్టే పద్ధతే. చెయ్యి ఆగకూడదు, ఆగినచోట తెల్లటి మచ్చ పడుతుంది. నల్ల చొక్కా వేసుకుని కదులుతూనే ఉండాలి, కదిలే మనిషి ఫోటోలో కనిపించడు. నేను కెమెరా దగ్గర, ఆయన టార్చితో. లోపలంతా తుప్పు ఇనుము, గుంతలు. అందుకని ఇంకో నియమం పెట్టుకున్నాం: నేను పిలిచినప్పుడల్లా ఆయన బదులివ్వాలి.

“యాడుండావన్నా?”

“ఈడుండా.”

“బాయిలర్ ఎనక గుంత ఉండాది, జూసుకో.”

“నువ్వు నీ లెక్కలు జూసుకో ఇంజినీరప్పా. గుంతే నన్ను జూసి పక్కకు జరుగుతాదిలే.”

నా లెక్కలంటే ఆయనకు ఇష్టమే. షట్టర్ ఎంతసేపు తెరవాలో చెబితే శ్రద్ధగా వినేవాడు. ఒకసారి ఫోటో బాగా వస్తే, “నీకు శానా వచ్చప్పా. ఉద్యోగమిచ్చేటోళ్ళకు తెలీదు, అంతే” అన్నాడు. ఆ ఏడాది నాతో అలా మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

నూనె మిల్లును పడగొట్టి ప్లాట్లు వేస్తారని తెలిసి చివరిసారి వెళ్ళాం. ఒకప్పుడు ఆడవాళ్ళు కూర్చుని బుడ్డలు ఒలిచిన పొడవాటి గదిలో కెమెరా పెట్టాం. వెలుతురు గోడ వెంట సమంగా సాగుతూ వెళ్ళి, మూలన ఆగిపోయింది.

“అన్నా, మచ్చ పడతాంది. యాడుండావు?”

బదులు లేదు. మళ్ళీ పిలిచాను. ఆయన కాలు ఏ గుంతలోనైనా ఇరుక్కుందేమోనని లేచాను.

“మాయమ్మ ఈడ కూచుంటాండె,” అన్నాడు నెమ్మదిగా. “బుడ్డలు ఒలుస్తా. నేను పక్కన గోతాం మీద పండుకుంటాంటి.”

అన్నిసార్లు వచ్చినా ఆ మాట ఎన్నడూ చెప్పలేదు. తర్వాత టార్చి ఆర్పేసి, “ఫోటో చెడిపాయ, తీసెయ్” అన్నాడు. మళ్ళీ తీద్దామంటే వద్దన్నాడు.

నాకు ఉద్యోగం వచ్చిన మరుసటి వేసవిలో ఆయన గుండెపోటుతో పోయాడు. నలభయ్యోనాటి ఫాతెహా ప్రార్థనకు వెళితే ఆయన భార్య నన్ను పక్కకు పిలిచింది.

“ఊరందరి పెండ్లిళ్ళు తీసినాడు. మా పెండ్లి ఫోటోలేమో వరదలో పాయ. ఆధార్ కార్డు మీద తప్ప ఆయప్ప యాడా లేడు. నీకాడ ఒక్కటన్నా ఉంటే జూడప్పా.”

ఉన్న ఫోటోలన్నీ వెతికాను. ప్రతి గోడకూ, ప్రతి గొట్టానికీ వెలుతురు పూసింది ఆయనే. ఎందులోనూ ఆయన లేడు. చివరికి, తీసెయ్యమన్నా నేను తీసెయ్యని ఆ చెడిపోయిన ఫోటో దొరికింది. గది మూలన పెద్ద తెల్లటి మచ్చ. దాని అంచున, సున్నపు గోడ నుంచి వెనక్కి వచ్చిన వెలుతురులో, ఒక చెంప, ముక్కు, వంచిన మెడ. కాస్త చెదిరి ఉన్నాయి.

పెద్ద ప్రింటు వేయించి తీసుకెళ్ళాను. ఎక్కడ చూడాలో నేను చెప్పేలోపే వదిన ఆ మచ్చ అంచు మీద వేలు పెట్టింది.

“ఈడుండాడు,” అంది.

ఇప్పటికీ సెలవు దొరికితే మూతబడిన షెడ్డులకు వెళ్తాను. కెమెరాకు టైమర్ పెట్టి, నల్ల చొక్కాతో నేనే సున్నం కొడతాను. కెమెరా వైపు నుంచి పిలిచేవాళ్ళు లేరు. అయినా గుంత కనబడినప్పుడల్లా చెయ్యి ఆపకుండా, చీకట్లోకి “ఈడుండా” అని చెబుతాను.