బాపు చేతి మీద నంబరు

బాపు ఇంకా దొరకలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చివరికి ఏదో మంచి జరుగుతుందని ఎవరూ ఎదురుచూడకుండా.

నిజామాబాద్‌లో నాకు పచ్చబొట్ల దుకాణం ఉంది. బోర్డు మీద టాటూ అనే రాయించాను కానీ మా అమ్మ, అంటే మేము అవ్వ అని పిలిచే మనిషి, ఆ మాట నోటితో అనదు. ఇల్లు బోధన్‌లో. బాపు, అంటే మా నాన్న, చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర పనిచేశాడు. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయినా ఆయన మతిలో మాత్రం నడుస్తూనే ఉంది. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి బయల్దేరేవాడు. గేటుకు తాళం కనిపిస్తే ఇంకో గేటు వెతుక్కుంటూ చెరుకు చేన్ల వెంట నడిచిపోయేవాడు. ఎవరైనా పేరు అడిగితే, అడగడానికి నువ్వెవడివని కొట్లాటకు దిగేవాడు.

మెడలో కార్డు వేస్తే తెంపి కాలువలో పారేశాడు. కడియం మీద నా ఫోన్ నంబరు చెక్కించి తొడిగితే మేకలు కాసే ఆయనకు ఇచ్చి వచ్చాడు. జేబులో చీటీ పెడితే నమిలేశాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. అప్పుడు అవ్వే దారి చెప్పింది.

"జాతరకు పోయేటప్పుడు తప్పిపోతరని పోరగాండ్ల సేతుల మీద పేర్లు పొడిపిస్తుండిరి. నీ కాడ మిషనున్నది గద. బాపుకు నీ నంబరు పొడువు. కార్డు పారేస్తడు గని సేయి యాడ పారేస్తడు?"

నా దగ్గర రెండు రకాల మిషన్లున్నాయి. పాతది కాయిల్ మిషన్. సూదిని గట్టిగా కొడుతుంది, వీధంతా వినపడేలా రొద పెడుతుంది. రెండోది చిన్న మోటారుతో నడిచే రోటరీ. గీతలు గీయడంలో దీని తీరు వేరు. దెబ్బ ఒకే తీరుగా పడుతుంది, చేతికి అదురు తక్కువ, చప్పుడు ఉన్నట్టే ఉండదు. అలాగని అదేదో బంగారు తల్లి అనుకోవద్దు. చేయి తప్పితే కాయిల్ మిషన్ రొద మార్చి ముందే తిడుతుంది. రోటరీ ఏమీ అనదు. చేయి నెమ్మదిస్తే సూది ఒక్కచోటే పొడుస్తూ పోతుంది, రంగు తోలు కింద పరుచుకుని గీత ఉబ్బుతుంది. తొందరపడితే గీత మధ్యలో తెగుతుంది. కొత్తలో దాన్ని నేను తిట్టని తిట్టు లేదు. కానీ బాపు చేతి తోలు ఉల్లిపొరలా ఉంది, కాయిల్ దెబ్బకు చీరుకుపోతుంది. పైగా ఆ రొదకు ఆయన కుర్చీలో నిలవడు. అందుకే రోటరీ తీశాను.

షట్టరు సగం దించి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. అవ్వ రెండో చేయి పట్టుకుని పక్కన నిలబడింది.

"ఏం రాస్తున్నవ్ రా?"

"నా నంబరు బాపు."

"నాకెందుకు రా? నువ్ ఇంట్లనే ఉంటవ్ గద."

ఆ మాటకు నా కళ్లు మసకబారాయి. తుడుచుకుని మొదలుపెట్టాను. ఎడమచేత్తో తోలు లాగిపట్టి, సూది పైపైనే ఆనేలా ఒక్కో అంకె గీశాను. ఒక్క గీత కూడా వణకలేదు. చప్పుడు లేకపోయేసరికి బాపు కునుకు తీశాడు. ఇన్నేళ్ల పనిలో అంత శుభ్రమైన గీతలు నేనెప్పుడూ గీయలేదు, సంతోషం కూడా కలిగింది. చివరి అంకె ఆరు. దాని కింది సున్న చుట్టి తెస్తుండగా బాపు కళ్లు తెరిచాడు. చేతిలో దిగుతున్న సూదిని చూశాడు.

"ఎవడ్రా నువ్వు!" అని చేయి గుంజుకున్నాడు. సూది అంకె మీదుగా వంకరగా పోయింది.

నెత్తురు తుడిచి చూస్తే ఆరు పైతోక వంగి కింది సున్నను తాకుతోంది. పచ్చిపుండు మీద మళ్లీ గీస్తే ఇంకా పరుచుకుంటుంది. "మానినంక సాపు జేస్త అవ్వా" అన్నాను. రెండో చేతి మీద రాద్దామంటే, నన్ను చూస్తేనే బాపు చేతులు రెండూ చంకల్లో దాచుకునేవాడు.

పుండు మానకముందే బాపు తప్పిపోయాడు. అవ్వ చుట్టిన బీడీలు కార్ఖానాలో ఇచ్చి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. నవీపేట్, మాక్లూర్, మెండోర, గోదావరి ఒడ్డు అన్నీ వెతికాను, ఒక్క బస్టాండు విడవలేదు. బైకు నడుపుతూ కూడా ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకున్నాను. చేతి మీద నంబరుంది, ఎవరో ఒకరు చేస్తారని అవ్వకు చెప్పాను. నాకూ అదే ధైర్యం.

పోలీస్ స్టేషన్‌లో గుర్తులు అడిగితే, ఆ చేతికి నేను తీసిన ఫొటో చూపించాను. కానిస్టేబుల్ రాసుకుంటూ అంకెలు పైకి చదివాడు. చివరి అంకెను "ఎనిమిది" అన్నాడు.

ఫొటో మళ్లీ చూశాను. ఆరని తెలిసిన నేను తప్ప ఎవరు చూసినా అది ఎనిమిదే. బయటికి ఉరికి, చివర ఎనిమిది పెట్టి ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో ఆడమనిషి ఎత్తింది. బాపు సంగతి చెప్పాను.

"మొన్న ఎవరో జేసిండ్రు అన్నా. మీ ముసలాయన మా హోటల్ కాడ కూసున్నడు, వచ్చి తోల్కపోండ్రి అన్నరు. మా ఇంట్ల ముసలోళ్లు లేరు, రాంగ్ నంబర్ అని పెట్టేసిన."

"ఏ ఊరని చెప్పిండ్రు అక్కా?"

"అడగలే."

"ఆ నంబరు ఉన్నదా?"

"చిన్న ఫోను అన్నా. పాత నంబర్లు దాంట్ల ఉండయ్. మళ్ల మళ్ల జేసిండ్రు అన్నా. గదే నంబరని ఎత్తలే."