పాలిథిన్ మీద క్యాన్వాస్

పొద్దున బండి స్టార్ట్ చేసే ముందు మహేశ్వరి డ్రైవర్ సీటు అంచును రెండు చేతులతో పట్టుకొని గట్టిగా ఒకసారి గుంజుతుంది. కవరు కదలలేదంటే ఎక్కి కూర్చుంటుంది. కుట్టి, కట్టి, బిగించిన కవరును రోజూ గుంజి చూడటమేమిటని భర్త ముఖేష్ నవ్వుతాడు. ఆమె పట్టించుకోదు. ఆ సీటు జారినందుకే ఒకసారి స్టీరింగ్ ఇంకొకరి చేతికి పోవాల్సింది.

మహేశ్వరికి నలభై ఏళ్లు. ఇల్లు మెట్టుగూడలో, రైల్వే క్వార్టర్ల గోడ వెనక సందులో. పుట్టింది జనగామ వైపు పల్లెలో. తండ్రి లచ్చయ్య పత్తి చేనుకు కిరాయి ట్రాక్టరు వస్తే, డ్రైవరు పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చొని గేర్లు ఎలా మారుస్తున్నాడో చూసేది. పెళ్లయి ఇక్కడికి వచ్చేసరికి ముఖేష్ తార్నాకలో ఒక ఫర్నిచర్ దుకాణానికి పికప్ నడుపుతున్నాడు. ఆమె అడిగితే ఆదివారాలు యూనివర్సిటీ క్యాంపస్‌కు తీసుకెళ్లి నేర్పాడు. సికింద్రాబాద్ ఈ వైపు చాలామంది డ్రైవింగ్ నేర్చుకున్నది క్యాంపస్ రోడ్ల మీదే. రోడ్లు వెడల్పు, చెట్ల నీడ, సెలవు రోజు రద్దీ ఉండదు. బండి ఆగిపోతే క్రికెట్ ఆడే స్టూడెంట్లు చప్పట్లు కొడతారు, అంతే.

సరదాకు నేర్చుకున్నది తర్వాత ఇంటికి ఆధారమైంది. షుగరు వల్ల ముఖేష్ చూపు తగ్గింది. ఇక బండి నడపొద్దని డాక్టరు చెప్పాడు. నెల తిరగకముందే మహేశ్వరి లైసెన్సు తీసుకొని, మల్కాజ్‌గిరిలో ఒక వాటర్ ప్లాంటు వాళ్ల ట్రాలీ ఆటో ఎక్కింది. నాలుగేళ్లు నీళ్ల క్యాన్లు వేసింది. కిందటేడు ఫైనాన్స్‌లో కొత్త పికప్ తీసుకుంది. క్యాంపస్ హాస్టళ్ల మెస్సులకు కూరగాయలు వేసే కాంట్రాక్టరు కమలాకర్ దగ్గరికి తానే వెళ్లి పని అడిగింది. బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఎత్తి, మెస్సుల దగ్గర దించాలి. ముఖేష్ పక్క సీట్లో కూర్చొని ట్రేల లెక్క చూసుకుంటాడు.

"ఒక వారం చూస్త," అన్నాడు కమలాకర్. "టమాట నలగొద్దు. అంతే నాకు."

పని మొదలుకావడానికి ముందే సీటుకు కవరు వేయించాలనుకుంది. మార్కెట్‌లో బస్తాలు పట్టిన బట్టలతోనే ఎక్కాలి, దిగాలి. మట్టి, ఆకుల తడి, చెమట అన్నీ సీటుకే అంటుతాయి. తార్నాక మెట్రో వెనక సందులో పేరయ్య సీట్ వర్క్స్ ఉంది. రెండు కుట్టుమిషన్లు, గోడ నిండా గుడ్డల చుట్టలు. బండ్లను మాత్రం రోడ్డు మీదే నిలబెట్టి పని చేస్తాడు.

పేరయ్య ముందు రెగ్జిన్ పరిచాడు. "తుడిస్తే పోతది చెల్లె. అందరు గిదే ఏపిస్తరు."

"ఎండకు కాలతది, వానకు జారుతది. గుడ్డ చూపియ్యి."

మెత్తటి మఖ్మల్ లాంటిది తీశాడు.

"ఇది పెండ్లికారుకు ఏసుకో. నేను ఉల్లిగడ్డ మోస్త."

పేరయ్య నవ్వి జీన్స్ గుడ్డ, దాని పక్కనే మందపాటి క్యాన్వాస్ పరిచాడు. మహేశ్వరి బండిలోంచి అంచు విరిగిన ప్లాస్టిక్ ట్రే ఒకటి తెచ్చింది. ఆ విరిగిన మూలతో రెండు గుడ్డలనూ గీకింది. జీన్స్ మీద నూలు లేచింది. క్యాన్వాస్ మీద తెల్ల గీత పడింది, వేలితో రుద్దితే పోయింది. సీసాలో నీళ్లు కొంచెం పోసి చూసింది. ఆ తడి గుడ్డనే పేరయ్య స్టూలు మీద వేసి కూర్చొని, ముందుకూ వెనక్కూ జరిగింది.

"ఏందమ్మా, సీటు కొంటున్నవా, పిల్లగాన్ని సూస్తున్నవా?" అన్నాడు పేరయ్య.

"పిల్లగాన్ని ఇంత సూడలే. అందుకే గదా గీయన దొరికిండు." పక్కనే ఉన్న ముఖేష్ వినబడనట్టు టీ తాగాడు.

క్యాన్వాస్ ఖాయం చేసింది. మట్టి రంగు. మార్కెట్ బురద అంటినా కనబడదు. ముందు డ్రైవర్ సీటుకే, పక్క సీటుది తర్వాత చూద్దామనుకున్నారు. పేరయ్య గుడ్డను తడిపి, ఆరబెట్టి, అప్పుడు కత్తిరించాడు. ముందే తడపకపోతే ఉతికాక బిగుసుకుపోతుంది.

తొడగబోతూ సీటు మీద షోరూం వాళ్ల పాలిథిన్ కవరుకు చెయ్యి వేశాడు.

"అదెందుకు తీస్తవన్నా?" అంది మహేశ్వరి. "దాని మీదనే ఎయ్యి."

"మీదేస్తే నిలువది చెల్లె."

"నాడాలు గట్టిగ గట్టు, నిలుస్తది. అయిదేండ్లకు అమ్మినా లోపల సీటు షోరూంల ఉన్నట్టే ఉండాలె."

"నాడాలు కవరును పడ్తయ్. మనిషిని పట్టయ్."

"నువ్వు ఎయ్యన్నా."

వాళ్ల సందులో ఏ ఇంటికి వెళ్లినా టీవీ రిమోట్ పాలిథిన్‌లోనే ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మీద ప్లాస్టిక్ పొర పసుపు రంగుకు తిరిగి, అంచులు లేచినా ఎవరూ లాగరు. లాగితే వస్తువు ఆ రోజు నుంచే పాతదైపోతుంది. పైగా రామంతాపూర్ నుంచి ముఖేష్ అక్క కరుణ బండి చూడటానికి వస్తానంది. పాలిథిన్ లేకపోతే సెకండ్ హ్యాండ్ బండి అనుకుంటుందని ముఖేష్ భయం. పేరయ్య పాలిథిన్ మీదే క్యాన్వాస్ తొడిగి, నాడాలు బిగించాడు. చూడటానికి బాగుంది.

బుధవారం పని మొదలైంది. శుక్రవారం వరకు ఇబ్బంది కనబడలేదు. బ్రేకు వేసినప్పుడల్లా కొంచెం ముందుకు వస్తున్నట్టు అనిపించేది. కొత్త బండి కదా, అలవాటు కావాలనుకుంది. శనివారం తార్నాక వైపు నుంచి క్యాంపస్‌లోకి మలుపు తిరిగి, స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వస్తుంటే ఒక స్టూడెంట్ స్కూటీ అడ్డంగా వచ్చింది. మహేశ్వరి బ్రేకు తొక్కింది. బెల్టు ఛాతీని పట్టింది గానీ నడుమును పట్టలేదు. ఆమె సీటు మీద ముందుకు జారిపోయింది, క్లచ్ మీది కాలు పక్కకు తప్పింది. బండి ఎగిరిపడి ఆగింది. స్కూటీకి ఏమీ కాలేదు. వెనక మాత్రం పై వరుస టమాట ట్రేలు కింద పడ్డాయి.

కమలాకర్ బైకు మీద వెనకే వస్తున్నాడు. దిగి, రోడ్డు మీది టమాటాలు చూశాడు. కోపం తెచ్చుకోలేదు. మామూలుగానే అడిగాడు.

"కాలు అందుతలేదా అమ్మా?"

"అందుతది సార్."

"అందితే గిట్లెందుకైతది? మనిషివి పొట్టి, సీటు మొత్తం ముందుకే ఉన్నది. నీ తప్పు అంటలేను." కాలి దగ్గరి టమాటను పక్కకు నెట్టాడు. "ఒక పని చెయ్యి. బండి నీదే, కిరాయి నీకే. నడపనీకి మనిషిని పెట్టు. నరేందర్ అని నా దగ్గర డ్రైవర్ ఉన్నడు, సోమారం నుంచి ఎక్కుతడు."

చుట్టూ చేరిన స్టూడెంట్లు వింటున్నారు. ముఖేష్ తల దించుకొని ట్రేలు ఎత్తుతున్నాడు. మహేశ్వరి చేతులు తుడుచుకొని కమలాకర్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"సోమారం నేనే తెస్త సార్. మీరు పక్కన కూసోని చూడండి. ఒక్క ట్రే పడ్డా నరేందర్ చేతికి చాబి నేనే ఇస్త. మళ్ల అడగ."

"మాటనేనా?"

"మాటనే."

ఆదివారం పొద్దున మెస్సులకు సరుకు లేదు. ఇద్దరూ ఖాళీ బండితో క్యాంపస్‌కు వెళ్లారు. ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి వచ్చే వెడల్పు రోడ్డు మీద, పదిహేనేళ్ల కింద ఆమె స్టీరింగ్ పట్టిన చోటే, నడపడం మొదలుపెట్టింది. కొంత వేగం తీసుకోవడం, బ్రేకు వేయడం. ప్రతిసారీ జారుతూనే ఉంది. ముఖేష్ ఇంటి నుంచి దిండు తెచ్చాడు. వీపు వెనక పెడితే దిండు కూడా ఆమెతో పాటే ముందుకొచ్చింది.

"కమలాకర్ సారు చెప్పిందే నిజమేమోనే. కాలు పొట్టిదే."

"ట్రాలీ నడిపినప్పుడు గూడ గిదే కాలు. అప్పుడు ఎవ్వలు కొలువలే."

ఇంకోసారి నడిపింది. ఈసారి చెవి పెట్టింది. బ్రేకు వేసిన ప్రతిసారీ కింద నుంచి సన్నగా కరకరమని చప్పుడు వస్తోంది. బండి పక్కకు ఆపి, దిగి, క్యాన్వాస్ మీద అరచేయి పెట్టి నొక్కి తోసింది. క్యాన్వాస్ ఆమె చేతిని వదల్లేదు. కానీ క్యాన్వాస్ మొత్తం పాలిథిన్ మీద సబ్బుబిళ్లలా జరిగింది. ఏరికోరి పట్టు ఉన్న గుడ్డ కొన్నది ఆమే. దాని కింద పట్టు లేకుండా చేసిందీ ఆమే.

"ఎక్కు. పేరయ్యన్న కాడికి పోదాం," అంది.

పేరయ్య కుట్టుమిషన్ మీంచి తల ఎత్తలేదు. "ఏం చెల్లె, బండి అప్పుడే పాతగయిందా?"

"అయింది. పాలిథిన్ తియ్యి."

"అయిదేండ్లకు అమ్ముతానంటివి."

"అమ్మేటోళ్లు అమ్ముతరు. నేను నడపాలె. తియ్యన్నా, మళ్ల లేటయితది."

పేరయ్య సీటు బోల్టులు విప్పి, దాన్ని బయట ఎండలో పెట్టాడు. నాడాలు విప్పి పాలిథిన్ చీల్చితే కింద సీటు తడిగా ఉంది. నాలుగు రోజుల చెమట, బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచింది. మధ్యాహ్నం దాకా ఆరనిచ్చారు. పాలిథిన్ పోయేసరికి కవరు వదులైంది. పేరయ్య రెండు వైపులా వేలెడంత లోపలికి పట్టి కుట్టాడు. కుడివైపు అంచు దగ్గర మహేశ్వరి వేలు పెట్టి చూపింది.

"నేను దిగితే బరువంత గీడనే పడతది. ఇంకో పొర ఎయ్యి."

"ఎత్తు తక్కువోళ్లు అంచు మీదికెళ్లే దిగుతరు, నిజమే," అంటూ పొర వేసి, జంట కుట్టు వేశాడు. కవరు కొసలను సీటుకూ వీపుకూ మధ్య సందులోంచి కిందికి లాగి, దబ్బనంతో పురికొస పోసి, అడుగున స్ప్రింగులకు కట్టాడు. ఆమె రెండు చేతులతో గుంజింది. కదలలేదు.

పేరయ్య పక్క సీటు పాలిథిన్ వైపు చూశాడు. ముఖేష్ అడ్డం వచ్చాడు. "అది ఉండనియ్యన్నా. అక్క వచ్చి చూసిందాక."

"నీ సీటు, నీ ఇష్టం," అంది మహేశ్వరి.

సోమవారం లోడుతో తార్నాక చౌరస్తాకు వచ్చేసరికి కమలాకర్ నిలబడి ఉన్నాడు. ముఖేష్ దిగి ఆయనకు సీటు ఇచ్చి, తాను బస్సెక్కాడు.

"బెల్టు పెట్టుకోండి సార్."

"గింత దూరానికి బెల్టేందమ్మా, నువ్వు నడుపు."

శనివారం నాటి మలుపే వచ్చింది, దాని తర్వాత స్పీడ్ బ్రేకర్. పొద్దున నడకకు వచ్చిన పెద్దమనుషుల గుంపొకటి అప్పుడే రోడ్డు దాటుతోంది. మహేశ్వరి క్లచ్ తొక్కి బ్రేకు వేసింది. బండి నిలబడింది. వెనక ట్రేలు చప్పుడు చేయలేదు. ఆమె ఉన్నచోటే ఉంది. కమలాకర్ మాత్రం ఇస్త్రీ ప్యాంటుతో సీటంతా జారి, రెండు మోకాళ్లూ డ్యాష్‌బోర్డుకు ఆనించి ఆగాడు. చేతిలో ఫోను కాళ్ల దగ్గర పడింది.

"ఏం సీటమ్మా ఇది! సబ్బు రాసినవా?"

"పాలిథిన్ సార్. శనివారం దాక నా కింద గూడ గదే ఉండె."

కమలాకర్ వెనక్కి జరిగి కూర్చున్నాడు. తన కింది సీటు చూశాడు, ఆమె కింది సీటు చూశాడు. బెల్టు లాగి పెట్టుకున్నాడు.

"మరి దీనిది తియ్యనీకేమైంది?"

"మా ఆడబిడ్డ ఇంక చూడలే సార్."

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "మా ఇంట్ల ఫ్రిజ్ గూడ గంతే. మూడేండ్లాయె, మా ఆమె చెయ్యి పెట్టనియ్యది."

మెస్సు దగ్గర ట్రేలు దించుతుంటే కమలాకర్ అడుగు వరుసలో చెయ్యి పెట్టి టమాటాలు తిప్పి చూశాడు. ఒక్కటి నొక్కి, మళ్లీ ట్రేలో వేశాడు. తర్వాత ఫోను తీసి పక్కకు నడిచాడు.

"నరేందర్, ఇటు రాకు. అవసరం లేదు," అనడం వినబడింది. తిరిగొచ్చి మహేశ్వరితో అన్నాడు: "రేపు పాలకూర గూడ ఉంటది. వాడిపోకముందే రావాలె, జర జల్ది ఎల్లు."

ఆ సాయంత్రం సంగతంతా విని ముఖేష్ అడిగాడు. "నిజం చెప్పు. సారు కూసున్నడని కావాలనే కొట్టినవా బ్రేకు?"

"ఆ ముసలోళ్లను రోడ్డు దాటుమని నేను చెప్పిన్నా?"

తర్వాతి ఆదివారం కరుణ వచ్చి బండి చుట్టూ తిరిగింది. పాలిథిన్ మీద చెయ్యి వేసి, "కొత్తదే తమ్మీ," అంది. ఆమె బస్సెక్కగానే మహేశ్వరి ఆ పాలిథిన్‌ను రెండు గుంజులకు చీల్చేసింది. పక్క సీటుకూ మట్టి రంగు క్యాన్వాసే వేయించింది.

ఈ వారం బండి మీటరు ముప్పై ఒక్క వేల ఆరు వందల కిలోమీటర్లు చూపిస్తోంది. డ్రైవర్ సీటు కవరు అదే. కుడి అంచు పొర మాత్రం ఒకసారి మార్చారు.