రెండు సర్కార్ల అమ్మలు బాగేపల్లికి వచ్చిన రోజు

మొన్న సాయంత్రం మనవరాలు టీవీ పెడితే, ఇరుగుపొరుగు దేశాల మంత్రులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఆడవాళ్ల హక్కుల కోసం ఇకమీదట కలిసి పనిచేస్తామని మాట ఇచ్చుకుంటూ కనిపించారు. ఆ పిల్ల ఇంకొకటి పెట్టబోతుంటే వద్దన్నాను. ఇంతకన్నా చాలా చిన్నదే గానీ, ఇలాంటి సభ ఒకటి అరవై ఏండ్ల కిందట మా బాగేపల్లిలో జరిగింది, అందులో నేనూ ఉన్నాను, తలచుకుంటే ఇప్పటికీ ఒంట్లో రక్తం ఉరకలేస్తుంది.

అప్పుడు నేను బాగేపల్లిలో గ్రామసేవికను. చింతామణి దగ్గరి పల్లెలో పుట్టి, ఇంట్లో తెలుగూ బడిలో కన్నడమూ నేర్చుకుని, ఉద్యోగమని గడప దాటిన ఆడపిల్లల్లో మా వంశానికి నేనే మొదటిదాన్ని. చిక్కబళ్లాపురంలో నన్ను బాగేపల్లి బస్సెక్కించిన మా నాయన, అది కదిలేదాకా నోరు విప్పకుండా నిలబడి, కదిలినాక కిటికీ పక్కనే పరుగెత్తుతూ భయపడొద్దని చెప్పాడు. భయం ఆయనకే గానీ నాకెక్కడిది! దారిలో పేరేసంద్ర దాటేసరికి రెక్కలొచ్చినట్టనిపించింది. వేరుశనగ చేన్ల మధ్య నేను సైకిలు మీద పోతుంటే కలుపు తీసే ఆడవాళ్లు లేచి చూసేవాళ్లు; కొందరు నవ్వేవాళ్లు, కొందరు కూతుళ్లను పిలిచి చూపించేవాళ్లు. ఆ కూతుళ్ల కోసం ఇంకాస్త జోరుగా తొక్కేదాన్ని.

మా పెద్దమ్మ కూతురిని ఎల్లకు అవతల ఆంధ్రా పల్లెలో ఇచ్చారు. అటూ ఇటూ మాట ఒకటే, సంత ఒకటే, సంబంధాలూ ఒకటే. సర్కార్లు మాత్రం రెండు, అటు ఆంధ్రా, ఇటు మైసూరు, అంటే ఇప్పటి కర్ణాటక. అక్క మొగుడు చిన్నవయసులోనే జ్వరంతో పోయాడు. ఆ తరువాత కొన్నాళ్లకు ఆమె ఆడబిడ్డ కాన్పు కష్టమై, ఆసుపత్రికి తీసుకుపోతుండగా బండిలోనే, అక్క ఒళ్లోనే ప్రాణం విడిచింది. వాళ్ల రాష్ట్రపు ఆసుపత్రి ఎంతో దూరం, మా బాగేపల్లి అయితే దగ్గరే. ఇక్కడ మంత్రసాని పని నేర్పుతున్నారని విని అక్క నడిచి వచ్చింది. అక్కడివాళ్లు మర్యాదగానే కూర్చోబెట్టి, ఇది మైసూరు రాష్ట్రపు ఆడవాళ్లకేనని చెప్పి పంపేశారు. నా గదికి వచ్చి చెంబెడు నీళ్లు తాగి, ఏడ్వలేదు గానీ, మండిపడింది.

"కడుపులో బిడ్డ అడ్డం తిరిగేటప్పుడు, మనం ఏ సర్కారోళ్లమని అడిగి తిరుగుతాదా?"

ఇటువైపూ అదే కథ. ఆడపిల్లలు ఉండి చదువుకునే హాస్టలు మా ఎల్ల పల్లెలకు దగ్గరగా ఉన్నది ఆంధ్రాలోనే; మా పిల్లలను అక్కడ చేర్చుకోరు; అందుకని బాగా చదివే పిల్లలు కూడా నాలుగైదు తరగతులతో చేన్లోకి దిగిపోయేవాళ్లు.

అట్లాంటప్పుడు, ఎల్ల పల్లెల ఆడవాళ్ల కోసం ఉమ్మడిగా ఏం చేయవచ్చో చూడడానికి రెండు రాష్ట్రాల మహిళా అధికారులు బాగేపల్లికి వస్తున్నారని తెలిసింది. మైసూరు అధికారి అమ్మకు తెలుగు రాదు, అవతలి ఆడవాళ్లకు కన్నడం రాదు, కాబట్టి మాట మార్చి చెప్పే పని నాది. నాకు నిద్ర పడితే ఒట్టు! అక్కకు కబురు పంపాను, రమ్మని, వచ్చి ముందు వరసలో కూర్చోమని.

బడి ముందర వేసిన పందిరి పొద్దెక్కకముందే నిండిపోయింది. బండ్ల మీద, కాలినడకన, చంకల్లో బిడ్డలతో అటువాళ్లూ ఇటువాళ్లూ కలిసి కూర్చుంటే ఎవరు ఏ రాష్ట్రమో కన్నవాళ్లు కూడా చెప్పలేరు. అధికారులిద్దరూ ముందు మీరు మాట్లాడండంటే మీరు మాట్లాడండని కాసేపు మర్యాదలు చేసుకుని, చివరికి ప్రగతి గురించి, సహకారం గురించి చక్కగా మాట్లాడారు. నేను గొంతు సవరించుకుంటూ మార్చి చెబుతున్నాను. ఇంతలో అక్క లేచి నిలబడింది.

పక్కనున్న ఊరి పెద్ద విసుక్కున్నాడు. "కూర్చోమ్మా, పెద్దోళ్లు మాట్లాడతాండారు."

"వాళ్లు మాట్లాడేది వినేకే వచ్చినామప్పా. మేము చెప్పేది వినేకి వాళ్లు వచ్చినారు గదా!"

ఆపైన బండిలో పోయిన ఆడబిడ్డ సంగతంతా చెప్పి, "ఆ పని నాకు నేర్పండమ్మా, ఎల్లకు రెండు పక్కలా చేస్తా, మీ పిల్లోళ్లకు అక్కడ హాస్టల్లో చోటియ్యమని మా ఆంధ్రా అమ్మనడగండి" అంది. ఒక్క ముక్క తగ్గించకుండా కన్నడంలో చెప్పాను. అధికారులిద్దరూ కుర్చీలు దగ్గరికి జరుపుకుని ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నాకు సగమే అర్థమైంది, ఆ సగానికే ఒళ్లు జలదరించింది. మైసూరు అమ్మ లేచి, ఇక్కడి మంత్రసాని తరబేతిలో, అంటే శిక్షణలో, అవతలి ఆడవాళ్లనూ చేర్చుకుంటామంది. ఆంధ్రా అమ్మ, హాస్టలు తలుపు మీ పిల్లలకూ తెరిచే ఉంటుందంది. ఆ మాటలను నేను తెలుగులో అరిచి చెప్పానో, ఏడుస్తూ చెప్పానో ఇప్పుడు గుర్తులేదు.

తీరా ఆర్డర్లు రావడానికి నెలలు పట్టింది. మధ్యలో మళ్లీ కుదరదన్నారు కూడా. అప్పుడు మైసూరు అమ్మ తనే జీపులో వచ్చి, తన పూచీ మీద అక్కను చేర్పించి పోయింది. ఆ ఏడు బడులు తెరిచే కాలానికి మా పిల్లలు రేకు పెట్టెలతో బండెక్కి ఎల్ల దాటుతుంటే, నేను పక్కనే సైకిలు తొక్కుకుంటూ, వాళ్లకన్నా గట్టిగా పాటలు పాడుకుంటూ పోయాను. ఇల్లు కదలొద్దని అక్కను కట్టడి చేసిన అత్తగారే, తరువాత సంతలో కనబడినవాళ్లందరికీ మా కోడలు డాక్టరమ్మకు తక్కువేం కాదని చెప్పుకుంది.

ఇప్పుడు ఫోను చేస్తే ఆంబులెన్సు వస్తుంది, ఆడపిల్లలు ఎక్కడంటే అక్కడ చదువుతున్నారు. మేము కోరుకున్నది అదే, సంతోషమే. అయినా, ఏదో ఒకటి మొట్టమొదటిసారి జరుగుతుంటే కళ్లారా చూసిన ఆ సంబరం మళ్లీ నాకు దొరకలేదు. అక్క పోయి చాలా కాలమైంది. ఎప్పుడైనా అటువైపు పోతే, బస్టాండులో తల నెరిసినవాళ్లు కనబడినప్పుడల్లా, ఈ లోకంలోకి వస్తూ వీళ్లలో ఎంతమంది మొదట మా అక్క చేతులను తాకారో అనుకుంటాను. వాళ్లకు తెలియదు. చెప్పాలని నోటిదాకా వస్తుంది. ఇంతలో వాళ్ల బస్సు వచ్చేస్తుంది.