పెద్దింట్లమ్మ పెంచిన కాఫీ నారు

కడియపులంక నర్సరీల్లో పెద్దింట్లమ్మ చేతికి పేరుంది. కాలవ గట్టున పుట్టి పెరిగిన మనిషి. ఆకు వాడిందంటే చూస్తూ ఊరుకోలేదు.

2001లో యజమాని అప్పాజీగారు మారేడుమిల్లి కొండల కోసం కాఫీ నారు పోయించారు. ఇథియోపియా రకాన్నీ, తిమోర్ దీవి రకాన్నీ కలిపి పుట్టించిన ‘సెలక్షన్ తొమ్మిది’. వేరు లోతుకు దిగి, వానలు ముఖం చాటేసినా ఓర్చుకుంటుందని చెప్పారు.

“నారు కొండెక్కేముందు నీళ్ళు తగ్గించాలమ్మా. ఎండ అలవాటు చెయ్యాలి. అక్కడికి నీ చెంబు రాదు.”

“అలాగేనండి,” అంది. మధ్యాహ్నం ఆకులు వేలాడేసరికి ఆమె మనసు ఆగలేదు. ఎండకు ఓర్చే జాతికి గుక్కెడు నీళ్ళు చెరుపా అనుకుంది. ఆయన భోజనానికి వెళ్ళగానే పైపు తిప్పింది. రోజూ అదే వరస. నారు నిగనిగలాడుతూ లారీ ఎక్కింది.

మరుసటి వేసవిలో సోమిరెడ్డి అనే కొండ రైతు ఎండిన మొక్క పట్టుకుని దిగాడు. తోటలో సగానికి పైగా చచ్చాయట.

“ఎండకి ఆగుద్దన్నారు గదా బాబూ, ఇదేంటి?”

అప్పాజీగారు వేరు చూశారు. కురచగా, పైపైనే ముడిపడి ఉంది.

“ఆగే జాతేనయ్యా. మావాళ్ళు గోరుముద్దలు తినిపించి పెంచారు,” అంటూ పెద్దింట్లమ్మ వైపు చూశారు. ఆమె తల వంచుకుంది. “ఈ ఏటి నారు ఊరికే ఇస్తాను, పట్టుకెళ్ళు.”

“ఇదీ పోతే తోట వదిలేసి కూలికి పోవాల్సిందే,” అన్నాడు సోమిరెడ్డి. తిట్టినా బాగుండేది. అతను తిట్టలేదు.

ఆ రోజు నుంచి ఆమె నీళ్ళు తగ్గించింది. మిట్టమధ్యాహ్నం మొక్కలన్నీ తలలు వాల్చాయి. చేతులు కొంగులో చుట్టుకుని పందిరి కింద కూర్చుంది.

“ఏంటొదినా, మొక్కల మీద అలిగావా?” పక్క మడిలో మంజుష నవ్వింది.

“నోర్ముయ్యవే.”

పొద్దు వాలాక చాలా మొక్కలు మెల్లగా ఆకులెత్తాయి. కొన్ని ఎత్తలేదు. అవి తెగులు పట్టినవో, తన మూలాన చస్తున్నాయో తెలియలేదు. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. వాటికి నీళ్ళు పోసింది. కొండెక్కాల్సిన వాటి దగ్గరికి మాత్రం చెంబు తీసుకెళ్ళలేదు.