అమ్మ మాట మీద వేసిన పాట

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఫోను పట్టుకుని వచ్చి, మామా, అమ్మమ్మ వీడియోను ఫోర్‌కే చేసిన చూడు అన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. అది వాళ్లమ్మ, అంటే మా చెల్లె, పెళ్లి వీడియో. పోయిన మా అమ్మ కదులుతూ కనిపించేది అందులోనే. సీడీలోంచి అమ్మ ఉన్నంత ముక్క తీసిన నలభై ఎంబీల ఫైలును ఏదో యాప్‌లో వేసి రెండు జీబీలకు ఉబ్బించాడు, అమ్మ ముఖం మాత్రం ఎప్పటిలాగే గోధుమరంగు మరక. పలచటి మజ్జిగను పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడుతుందా? ఎంపీఫోర్ ఫైలంటే ఒట్టి డబ్బా, లోపల బొమ్మను ఎంత నొక్కి సర్దారన్నదే సంగతి, నొక్కినప్పుడు పోయింది మళ్లీ రాదని గంటసేపు మొత్తుకున్నాను. అంతా విని, పోనీ ఎయిట్‌కే చేద్దామా అన్నాడు.

ఆ రోజుల్లో బాన్సువాడ చుట్టుపక్కల పెళ్లి వీడియోలు తీసింది నేనే. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, లైటు ముఖం మీద పడగానే ఆడవాళ్లంతా కొంగు సర్దుకుని బిగుసుకుపోయేవారు, ఇది ఫొటో కాదు తల్లీ, కదలండి అని బతిమాలుకోవాలి. అమ్మ ఒక్కతే, అప్పగింతలప్పుడు సరాసరి కెమెరా ముందుకొచ్చి నాతో ఏదో అన్నది. సీడీ చేసేటప్పుడు, అందరి పెళ్లిళ్లకూ వేసినట్టే, ఆ మాట వినబడకుండా దాని మీద సినిమా పాట వేశాను. మూడు గంటల పెళ్లంతా ఒక్క సీడీలోనే పట్టాలని బావ పట్టుబడితే, బొమ్మను నొక్కి నొక్కి పట్టించాను. అమ్మ ముఖమూ మాటా సరిగ్గా ఉన్నది కెమెరాతో తీసిన అసలు క్యాసెట్టులోనే. సీడీ అయిన వారానికి, తెల్లారితే కోటగిరిలో ఇంకో పెళ్లి, కొత్త క్యాసెట్టుకు నిజామాబాద్ బస్సెక్కాలి. సీడీ ఉందిగదా అని అమ్మ ఉన్న ఆ క్యాసెట్టునే చెరిపి, దాని మీద కోటగిరి పెళ్లి తీసేశాను. మరుసటి ఏడు అమ్మ పోయింది.

క్యాసెట్టు ఏడనో ఉంటది, వెతుకుత అని పాతికేళ్లుగా చెల్లెతో అబద్ధమాడుతున్నాను. నిన్న మళ్లీ అడిగితే దాచలేక చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు, మెల్లగా అడిగింది.

"గప్పుడు అమ్మ నీతోని ఏమన్నది అన్నా?"

"పొద్దటి సంది ఏం తినలే, గా కెమెరా కింద పెట్టి ఇంత తిను బిడ్డా అన్నది."

ఇప్పుడు ఎవరూ దేన్నీ చెరపనక్కర్లేదు. మేనల్లుడి ఫోనులో వాడు తిన్న ప్రతి బిర్యానీ మెతుకు మెతుకూ కనిపిస్తుంది. మా అమ్మ మాట మాత్రం నా నోటనే వినాలి, అది కూడా నాకు గుర్తున్నన్నాళ్లే.